అక్షరాలు ముఖం చాటేసిన చదువరి

సుగుణక్క మరణవార్త బెంగళూరులో, ఆఫీసులో అందరం కూర్చుని మాట్లాడుకుంటున్న సమయంలో నన్ను చేరింది. చింతామణి నుంచి ఆమె తమ్ముడు ఫోను చేశాడు. "మంజులా, అక్క పొయ్యిందమ్మా. పొద్దున బాగానే లేచింది. పాలు కాంచుకొని తాగింది. కూర్చున్న చోటే ఒరిగిపొయ్యింది" అన్నాడు. నేను సరే అన్నాను. ఎందుకు సరే అన్నానో నాకే తెలియదు. ఫోను పెట్టేసి వెళ్ళి మళ్ళీ నా కుర్చీలోనే కూర్చున్నాను. తెర మీద ఎవరో ఏదో చూపిస్తున్నారు, నేనూ తలూపుతున్నాను. కాసేపటికి పక్కనున్న అమ్మాయి నీళ్ళ సీసా నా ముందుకు జరిపింది. అప్పుడు తెలిసింది, నేను ఏడుస్తున్నానని.

సుగుణక్కను ఎరుగని వారికి ఆమె గురించి కొంచెం చెప్పాలి. చింతామణిలో విత్తనాలూ పురుగుమందులూ అమ్మే వర్తక కుటుంబంలో పుట్టింది. చిక్కబళ్ళాపురంలోని ఒక ప్రైవేటు కళాశాలలో చిరకాలం లైబ్రేరియన్‌గా పనిచేసింది. నలభై దాటాక, స్థిరపడిన ఉద్యోగాన్ని ఎవరూ వదులుకోని వయసులో, యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైనర్ అయింది. ఒక వస్తువునో, ఫోనులోని ఒక యాప్‌నో వాడే మనిషి ఏమనుకుంటాడు, ఎక్కడ తడబడతాడు, ఎందుకు విసిగి పక్కన పడేస్తాడు అని ముందుగా ఆలోచించి దాన్ని తీర్చిదిద్దే పని అది. ఆ విద్యను ఆమె ఏ గురువు వద్దా అభ్యసించలేదు. కేవలం పఠనంతో ఆర్జించింది. నాబోటి వారికి పఠనంతోనే ధారపోసింది. పెళ్ళి చేసుకోలేదు. కారణం మేము అడగలేదు, ఆమె చెప్పలేదు. యాభై నిండకుండానే వెళ్ళిపోయింది. బిరుదులు లేవు, సన్మానాలు లేవు. ఆమె గురించి ఎవరో ఒకరు రాయాలి గనుక, ఆమె దగ్గర చదవడం నేర్చుకున్నాను గనుక, నేను రాస్తున్నాను.

తన చిన్ననాటి సంఘటన ఒకటి ఆమె మాకు చెప్పింది. బట్లహళ్ళి రైతు ఒకాయన వాళ్ళ అంగడిలో కలుపు మందు కొనుక్కుపోయాడు. సీసా మీద నిగనిగలాడే పచ్చటి తోట బొమ్మ ఉంది. మొక్క ఏపుగా పెరగడానికి అనుకుని ఆయన దాన్ని టమోటా తోటకు కొట్టాడు. తోట మాడిపోయింది. అంగడికొచ్చి ఆయన గొడవ కూడా పెట్టుకోలేదట. సీసాను బల్ల మీద పెట్టి, "బొమ్మ చూసి మంచిదనుకొంటినప్పా" అని మాత్రం అన్నాడట. ఆయన వెళ్ళిపోయాక వాళ్ళ నాన్న, "ఈళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు" అని విసుక్కున్నాడు. అప్పటికి హైస్కూల్లో ఉన్న సుగుణక్క, "ఆ బొమ్మ అట్ల ఏసిందెవరు నాయనా?" అని అడిగింది. ఈ కథను ఆమె ఎప్పుడూ గర్వంగా చెప్పలేదు. మాలో ఎవరో ఆ ప్రశ్నను మెచ్చుకుంటే, "నేను అడిగితే ఏమాయ? ఆయప్ప తోట తిరిగి పచ్చగాయనా?" అంది.

నాది బాగేపల్లి తాలూకా చాకవేలు. సేద్యగాళ్ళ ఇల్లు. చిక్కబళ్ళాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నప్పుడు సుగుణక్కను మొదటిసారి చూశాను. మా కళాశాల లైబ్రరీలోకి ఆడపిల్లలు వచ్చేవారు కాదు. గుమ్మం దాకా వచ్చి, తొంగిచూసి, వెనక్కి తిరిగేవారు. పిల్లలకు శ్రద్ధ లేదని అధ్యాపకులు తీర్మానించారు. సుగుణక్క మాత్రం కొన్నాళ్ళు బయట వరండాలో నిలబడి చూసి, ఒకరోజు తన బల్లను గుమ్మం ఎదుటి నుంచి లాగించి దూరపు మూలకు వేయించింది. ఆ బల్ల చుట్టూ కూర్చునే మగ సిబ్బంది కుర్చీలూ దాని వెనకే పోయాయి. ఆ నెలలోనే లోపల మాకు కూర్చోవడానికి చోటు చాలలేదు. అది ఎలా తోచిందని తర్వాత ఒకసారి అడిగాను. ఏదో పాత నవలలో కొత్త కోడలు, వసారాలో మామగారు కూర్చుని ఉంటే ఆయన ముందు నుంచి నడవలేక, పెరటి చుట్టూ తిరిగి వంటింట్లోకి వెళ్తుందట. "మీరు గుమ్మం కాడ ఆగినప్పుడు ఆ పిల్ల నడక నాకు కండ్లకు కట్టిందమ్మా" అంది.

కళాశాలలో ఏదో కొత్త కోర్సు పెడతామని డిజైన్ గురించిన ఇంగ్లీషు పుస్తకాలు ఒక పెట్టెడు తెప్పించారు. కోర్సు రాలేదు, పుస్తకాలు మిగిలిపోయాయి. సుగుణక్క వాటిని నిఘంటువు పక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. మొదటి పుస్తకానికే ఒక వానాకాలమంతా పట్టింది. పూర్తయ్యాక నాతో కలిపి నలుగురు విద్యార్థుల్ని పిలిచి, "ఇందులో ఉండేదంతా కథలు చదివేటోళ్ళకు తెలిసిందే. పేర్లే కొత్తవి" అంది. అలా మా శనివారాలు ప్రారంభమయ్యాయి. డిజైన్ పుస్తకంలో ఒక అధ్యాయం, తర్వాత తెలుగులోనో కన్నడలోనో ఒక కథ. ఆ రెంటినీ ఆమె ఎప్పుడూ విడదీయలేదు.

కథ మంచి పట్టుమీద ఉండగా పుస్తకం మూసేసి అడిగేది: "ఇప్పుడు ఈయమ్మకు ఏం కావాల? ఈయమ్మకు ఏం తెలుసు? మనకు తెలిసి ఈయమ్మకు తెలీంది ఏమి?" మూడో ప్రశ్న దగ్గర మేము తడబడేవాళ్ళం. మనకు ఒకసారి తెలిసిపోయిన దాన్ని, తెలియని వాడి మనసులోకి వెళ్ళి మళ్ళీ తెలియనట్టు ఉండడం ఎంత దుస్సాధ్యమో అప్పుడు అర్థమయ్యేది. ఈ వృత్తిలో ఇన్నాళ్ళుగా నేను చేస్తున్నది ఆ ఒక్క పనే. ఒకసారి నేను కథలో ఒకణ్ణి బుద్ధిలేనోడు అన్నాను. ఆమె నా వైపు చాలాసేపు చూసింది. "బుద్ధిలేనోడు అన్న్యావంటే, నువ్వు వాణ్ణి చదవడం ఆడికి నిలిపేసినావని అర్థం" అంది. కోపంగా ఏమీ అనలేదు. కానీ ఆ మాట తర్వాత మా నలుగురిలో ఎవరమూ ఏ కథలోనూ ఎవరినీ అలా అనలేకపోయాం. కథల బయట కూడా కష్టంగానే ఉండేది.

నాకు బెంగళూరులో ఉద్యోగం దొరికింది. కొన్నేళ్ళకు మా కంపెనీ పల్లెల్లోని వృద్ధ రోగుల కోసం, మందులు వేళకు వేసుకోమని గుర్తుచేసే యాప్ ఒకటి తలపెట్టింది. నేను సుగుణక్క పేరు చెప్పాను. ఇంటర్వ్యూ బాగా జరగలేదు. చేసిన పనులు చూపమన్నారు, ఆమె దగ్గర ఏమీ లేవు. "మీ పద్ధతి ఏమిటి?" అని అడిగారు. "నేను చదువుతానండి" అంది. ఇంకేమైనా చెబుతుందేమోనని చూశారు, చెప్పలేదు. నేను పట్టుబట్టి అడిగితే తాత్కాలికంగా తీసుకున్నారు. ఆ రోజు బస్సులో పక్కన కూర్చుని, "నీ మాట నిలబెట్టలేకపోతినమ్మా" అని బాధపడింది. ఎంతో నెమ్మదిగా, అందరికంటే వెనక నడుస్తూ ఆమె ఆ కొలువులో కుదురుకుంది. సభలో మాట్లాడడం ఆమెకు చివరిదాకా రాలేదు. వాడేవారి ఫిర్యాదులు వస్తే మాత్రం, మేమంతా పైపైన చూసి వదిలేసేవాటిని, ఆమె నవల చదివినట్టు మొదటి నుంచి చివరిదాకా చదివేది.

మొదటి నమూనాలో మేము పొద్దుటి మాత్రకు సూర్యుణ్ణీ రాత్రి మాత్రకు చంద్రవంకనూ పెట్టాం. అందరికీ నచ్చింది. సుగుణక్క దాన్ని పట్టుకుని మంచేనహళ్ళి పక్క పల్లెలకు వెళ్ళింది, నేనూ వెంట వెళ్ళాను. ఒక ముసలమ్మ ఆ చంద్రవంకను చాలాసేపు చూసి, "ఇది నెలపొడుపు నాడు ఏసుకొనేదా తల్లీ?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. సుగుణక్క నవ్వలేదు. ఆ ఇంట్లోనే కూర్చుని, ఆమె పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఏం చేస్తుందో అంతా చెప్పించుకుంది. ఆ ఊళ్ళో కాలం పాల వెంట నడుస్తుంది. పొద్దున పాలు డెయిరీకి పోస్తారు, సాయంత్రం మళ్ళీ పోస్తారు, తర్వాత తిండి. మేము తిరిగొచ్చాక సూర్యచంద్రులు పోయి, పాల క్యాను బొమ్మా అన్నం తట్ట బొమ్మా వచ్చాయి. బాగేపల్లిలో ఒక చిన్న క్లినిక్ నడిపే డాక్టరు తన రోగుల చేత దాన్ని వాడించడానికి ఒప్పుకున్నాడు. ఆమె బతుకులో సుఖంగా గడిచిన కాలం ఏదైనా ఉంటే అదే. అది ఎక్కువకాలం నిలవలేదు.

ఒక ఉదయం చిక్కబళ్ళాపురం బస్టాండులో చింతామణి బస్సు కోసం నిలబడి ఉందట. బస్సు వచ్చింది. బోర్డు చూసింది. పక్కనున్న మనిషిని, "ఈ బోర్డు ఏ భాషలో రాసినారప్పా?" అని అడిగింది. "కన్నడంలోనే కదమ్మా. చింతామణి అని ఉండాది" అన్నాడతను. ఎగతాళి చేస్తున్నాడేమో అనుకుంది. సంచిలోంచి పుస్తకం తీసి తెరిచింది. తర్వాత ఆ క్షణం గురించి నాతో ఇలా అంది: "కండ్లు బాగానే ఉండాయి మంజులా. గీతలన్నీ కనిపిస్తాండాయి. అక్షరాలు అట్లనే నిలబడి ఉండాయి. నన్ను గుర్తుపట్టలా, అంతే."

మెదడులో రక్తం గడ్డకట్టిందని ఆస్పత్రిలో తేల్చారు. మాట పోలేదు, చేయి పడలేదు, చూపు చాలావరకు నిలిచింది. చూసిన అక్షరాన్ని పోల్చుకునే దారి మాత్రం తెగిపోయింది. ఇలాంటిది చాలా అరుదని డాక్టరు చెప్పాడు. ఆమె చేతికి కాగితమూ పెన్నూ ఇచ్చి ఏదైనా రాయమన్నాడు. గుండ్రటి దస్తూరీతో, ఒక్క తప్పు లేకుండా, "నా పేరు సుగుణ, మాది చింతామణి" అని రాసింది. చదవమన్నాడు. ఆమె ఆ కాగితాన్ని దగ్గరగా, దూరంగా పట్టుకుని చూసింది. "ఇది నేను రాసిందే. ఏం రాస్తినో మతికి ఉండాది. ఇక్కడుండేది అదేనా అంటే మాత్రం చెప్పలేను సార్" అంది. మంచం పక్కన నిలబడి ఉన్న వాళ్ళమ్మకు ఏమీ అర్థం కాలేదు. "రాసేదానికి వస్తే చదివేదానికి రాదా? ఏమి విచిత్రమమ్మా ఇది?" అని నన్ను అడిగింది.

కంపెనీ ఆమె ఒప్పందాన్ని పొడిగించలేదు. వాళ్ళను నిందించాలని లేదు, అది మర్యాదగానే చెప్పారు. ఆమె చింతామణి వెళ్ళి అమ్మ దగ్గర, తమ్ముడి ఇంట్లో ఉండిపోయింది. నేను వీలైన ఆదివారాలన్నీ వెళ్ళేదాన్ని. మొదట్లో ఏమీ చదివి వినిపించనివ్వలేదు. "వినేది వేరు, చదివేది వేరు. నాకు కావాల్సిన చోట ఆగేదానికి కావల్ల" అనేది. పుస్తకాల బీరువాకు ఒక చీర కప్పించింది. ఆ చీర తొలగించి దుమ్ము తుడవబోయిన వాళ్ళమ్మను కసిరిందని తమ్ముడు చెప్పాడు. ఎవరినీ కసరడం ఎరుగని మనిషి.

ఒక ఆదివారం ఆమె తానే అడిగి నా ఫోనులో ఆ మందుల యాప్‌ను తెరిపించుకుంది. పాల క్యాను బొమ్మ వచ్చింది, గంట మోగింది. దాని కింద రెండు బటన్లు. ఒకదాని మీద "వేసుకున్నాను" అని, రెండో దాని మీద "తర్వాత" అని ఉంటుంది. ఆమె ఒకటి నొక్కింది. కొంతసేపటికి మళ్ళీ గంట మోగింది. మళ్ళీ అదే నొక్కింది.

"ఇవి రెండూ ఒకే తీరుగా ఉండాయి. ఎవరు చేసినారు ఇట్ల?"

ఆమే మళ్ళీ తెర చూసి, "నేనే కదా" అంది. ఫోనును బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత అడిగింది.

"మంచేనహళ్ళి కాడ ఆ ముసలామె నా ముందర అన్నీ సరిగ్గానే నొక్కింది. ఆయమ్మకూ చదువు రాదు. ఎట్ల నొక్కింది?"

"నువ్వు పక్కనే కూర్చోని ఉంటివి కదక్కా. నొక్కేముందు నీ ముఖం చూసుకుంటాండె."

ఆమె కళ్ళు మూసుకుంది. "అయితే ఆయమ్మ చదివింది బటన్లను కాదు. నన్ను చదివింది" అంది.

ఆ మధ్యాహ్నమే ఆమె చెబుతూ ఉంటే నేను గీశాను. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒకటి పైన, ఒకటి బాగా కింద. నోటికి మాత్ర అందించుకుంటున్న చేయి ఒకదాని మీద, మూత పెట్టిన డబ్బా రెండో దాని మీద. ఎంతో ఆవేశంతో చెప్పింది. ఆ ఉత్సాహం చూసి, ఆమెను ఓదార్చాలని, "ఈ జబ్బు వల్లే నీకు ఇది కనబడింది కదక్కా" అన్నాను. ఆమె ముఖం మాడిపోయింది. "దీన్నొక పాఠం చెయ్యొద్దు మంజులా. నాకేమీ లాభం రాలేదు. నా చదువు పొయ్యింది. అంతే అనుకో" అంది. దుఃఖానికి ప్రయోజనం అంటగట్టి తృప్తిపడే నా అలవాటు ఆ రోజుతో పోయింది.

ఆ బొమ్మలను ఆఫీసులో ఇచ్చాను. బాగున్నాయన్నారు. అప్పటికే కంపెనీ ఆ యాప్‌ను ఆపేయాలనే ఆలోచనలో ఉంది, తర్వాత ఆపేసింది. ఆమె గీయించిన బటన్లు ఎవరి ఫోనులోకీ చేరలేదు. సుగుణక్క ఉండగానే ఒకసారి బాగేపల్లి క్లినిక్‌కు వేరే పని మీద వెళ్తే, ఒక పెద్దాయన నన్ను గుర్తుపట్టి, "ఆ పాల క్యానుది ఇప్పుడు కూసేది లేదేమ్మా? దాని మీదే ఉంటిమి" అన్నాడు. దాన్ని నిలిపేశారని చెప్పాను. "ఓహో" అని తన చీటీ చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఈ సంగతి ఆమెకు నేను చెప్పలేదు.

అక్షరం మీద వేలు పెట్టి, దాని వంపుల వెంట నడిపిస్తే అది ఏమిటో చేతికి తెలుస్తుందని ఆమె తనంతట తానే కనిపెట్టింది. కన్ను మరిచిపోయింది, చేయి మరవలేదు. అలా వేలితో గీసుకుంటూ, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ, చిన్న పేరాకు ఒక పూట పట్టేది. చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోయేది. చెమటలు పట్టేవి. వాళ్ళమ్మ, "యాల బిడ్డా ఈ హింస? నేను కూడా చదవలేదు, బతకలేదా?" అనేది. "నువ్వు బతికినావమ్మా. నాకు రాదు" అనేది సుగుణక్క. చీరను బీరువా మీది నుంచి తీసేసిన రోజు మాకు పండుగలా ఉండింది. నెలలు గడిచినా వేగం పెరగలేదు. ఒకప్పుడు బస్సు దిగేలోగా కథ ముగించిన మనిషి. చివరికి ఆమె ఓడిపోయి నన్ను పైకి చదవమంది. ఓటమి అని ఆమే అంది, నేను కాదు.

ఆఖరిసారి వెళ్ళినప్పుడు, ఏదో పాత మాసపత్రికలోని కథ ఒకటి వినిపిస్తున్నాను. రాసిన వారి పేరు ఉన్న పుట చిరిగిపోయి ఉంది. తండ్రి అంత్యక్రియలకు రాని అన్న, ఏళ్ళ తర్వాత వానలో తడుస్తూ వచ్చి చెల్లెలి తలుపు కొడతాడు. ఆమె లోపల దీపం దగ్గర కూర్చుని, ఆ చప్పుడు ఎవరిదో తెలిసి, కదలకుండా ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి నా బస్సు వేళయింది. మిగిలింది రెండు మూడు పుటలే.

"ఈడికి నిలుపు" అంది సుగుణక్క. "మల్లొచ్చే వారం చదువుదాం. ఏమైతాదో నాకు ఎరికే. ఆయమ్మ తలుపు తీయదు."

"ఎట్ల చెప్తావక్కా?"

"ఇంతసేపూ ఆయమ్మ మనసులోనే కూర్చోని ఉండాను కదా. తీయదు. చూడు కావాలంటే."

మల్లొచ్చే వారం ఆమె లేదు. అంత్యక్రియలకు ఆనాటి మా నలుగురమూ చింతామణి వెళ్ళాం. పాఠం చెప్పేవారు, పుస్తకం ఇచ్చేవారు మళ్ళీ దొరుకుతారు. నేను ఒకరి గురించి తొందరపడి తీర్పు చెప్పేవేళ నా వైపు అలా మౌనంగా చూసే మనిషి ఇక ఈ జన్మలో దొరకదు. ఆ పుణ్యాత్మురాలి స్మృతికి చేతులెత్తి నమస్కరించడం తప్ప నాకు చేతనైనదేమీ లేదు.

తిరిగివచ్చిన మర్నాడు ఆ పత్రిక తీసి మిగిలిన పుటలు చదివాను. ఆ చెల్లెలు లేచి వెళ్ళి తలుపు తీసింది. ఎందుకు తీసిందో నాకు అర్థం కాలేదు. సుగుణక్కకు చెప్పగలిగి ఉంటే, తాను పొరబడినందుకు చిన్నపిల్లలా సంబరపడి, "ఉండు ఉండు, మొదట్నుంచి మల్లా చదువు" అనేది.